‘ఏమండీ’కి పలికేవాళ్ళు

స్పీచ్ థెరపీ కోర్సులో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ పుస్తకాలు చదవాలి, ఎక్కడ ప్రాక్టీసు పెడితే నాలుగు రాళ్ళు వెనకేసుకోవచ్చు అని అడుగుతారు. కాఫీ ఇచ్చి, తెలిసింది చెప్పి పంపిస్తాను. వాళ్ళు మెట్లు దిగి వెళ్ళాక, అసలు చెప్పాల్సింది చెప్పనే లేదని అనిపిస్తుంది. అందుకే ఇలా రాసి పెడుతున్నాను.

ఇది మీకు ధైర్యం చెప్పడానికి రాస్తున్నది కాదు. ఆ పని చేసేవాళ్ళు మీ కాలేజీల్లో చాలామంది ఉన్నారు. నేను విజయవాడలో ఒక పెద్ద ఆసుపత్రిలో చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే రిటైరైన మనిషిని. చిన్నపిల్లల నత్తీ, చెవుడూ కూడా చూశాను గానీ, ఎక్కువ కాలం గడిపింది పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దవాళ్ళతో. వాళ్ళు మన దగ్గరికి వచ్చేసరికి ప్రాణగండం గడిచిపోయి ఉంటుంది. ఇంటివాళ్ళు పెద్ద డాక్టర్లకి దణ్ణాలు పెట్టేసి, కూరగాయలమ్మి దగ్గర కరివేపాకు కొసరడిగినట్టు, ‘కాస్త మాట కూడా వచ్చేట్టు చూడండి’ అని మనల్ని అడుగుతారు. ఆ కొసరు చాలామందికి దొరకదు. ఈ సంగతి మీకు మొదటిరోజే ఎవరో ఒకరు చెప్పాలి.

మిగిలిన మాట

మాట పడిపోవడమంటే మనిషి మూగబోవడమే అనుకుంటారు బయటివాళ్ళు. చాలామంది విషయంలో అలా జరగదు. గ్లాసు చూపిస్తే గ్లాసని తెలుసు, దాహం వేస్తోందని తెలుసు, ఎదుటివాళ్ళు మాట్లాడేదీ చాలావరకు అర్థమవుతుంది. అడగాల్సిన మాట మాత్రం నోటికి రాదు. దాని బదులు ఇంకేదో ఒక్క మాట వస్తుంది. నీళ్ళు అడగబోయినా అదే, నొప్పి అని చెప్పబోయినా అదే. దీనికి ఇంగ్లీషులో పెద్ద పేర్లున్నాయి. మా డిపార్టుమెంటులో మేము ‘మిగిలిన మాట’ అనుకునేవాళ్ళం. ఎవరికి ఏది మిగులుతుందో ముందే చెప్పలేం. ఒకరికి దేవుడి పేరు మిగులుతుంది, ఇంకొకరికి అర్థంలేని చప్పుడు.

కొండపల్లి నుంచి ఒకాయన్ని తీసుకొచ్చారు. థర్మల్ స్టేషన్లో చేసి రిటైరయ్యాడు. నోట్లో నాలుక లేని మనిషని పేరు. ఆయనకి మిగిలింది పచ్చి బూతు. నర్సు మందిచ్చినా అదే అనేవాడు, మనవరాలు వచ్చి ముద్దు పెట్టినా అదే. మొదటిరోజు భార్య తల పట్టుకుని కూర్చుంది. “మా ఆయన ఎవర్నీ పన్నెత్తి ఒక్క మాట అనేవారు కాదండీ. ఇది ఎక్కడ నేర్చుకున్నారో!” అని ఏడ్చింది. కొన్నాళ్ళకి అలవాటు పడింది. “సర్లేండి, తిట్టింది చాలు గానీ ఇడ్లీ తినండి” అని నోట్లో పెట్టేది. ఆయన మళ్ళీ తిట్టేవాడు, ఆవిడ మళ్ళీ జవాబు చెప్పేది. నెలలు గడిచేసరికి ఆయనకి ఇంకొన్ని మాటలు వచ్చాయి. ఒకరోజు చేతికర్రతో నడుచుకుంటూ వచ్చి నాకు ‘నమస్తే’ చెప్పాడు. వెంటనే ఆ బూతు కూడా చెప్పాడు. అందరం కడుపుబ్బ నవ్వుకున్నాం.

నా ఉద్యోగంలో ఇలా నవ్విన రోజులు తక్కువ. ఉన్నవాటిలో ఇదొకటి గనక రాశాను.

రెండో ప్రశ్న

మా పెద్ద సార్ గురించి కొంత చెప్పాలి. వార్డు బయట పడిగాపులు పడే బంధువులకి సొంత డబ్బుతో టిఫిన్లు తెప్పించే మనిషి. చదువులో ఆయన్ని మించినవాళ్ళు మా దగ్గర లేరు. కానీ రోగికి మాట ఎంత పోయిందో కొలవడానికి ఆయన వాడే పరీక్ష కాగితమంటే నాకు ఒళ్ళు మండేది. ఇంగ్లీషు పరీక్షని తెలుగు చేయించుకున్నారు. బొమ్మల్లో మంచు మీద కుక్కలు లాగే బండి ఒకటి ఉండేది. దివిసీమ నుంచి వచ్చిన రైతు దాన్ని చూసి ఏమంటాడు? గట్టిగా పోట్లాడితే ఆ బొమ్మ తీసేశారు. రెండో ప్రశ్న మాత్రం తీయలేదు. మొదటి ప్రశ్న మీ పేరేంటని. రెండోది, ఆడవాళ్ళకైతే, మీ భర్త పేరేంటని.

మన డెల్టా పల్లెల్లో ఆ వయసు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. పలికితే ఆయనకి ఆయుక్షీణమని వాళ్ళ అమ్మలు చెప్పి పెంచారు. జనాభా లెక్కలవాళ్ళు వచ్చి అడిగినా పక్కింటావిడ వైపు చూసేవాళ్ళు, లేకపోతే “ఆ ఏడుకొండలవాడి పేరేనండీ” అని తప్పించుకునేవాళ్ళు. మాట పడిపోయిన మనిషికి తప్పించుకునే దారి కూడా లేదు. తల వంచుకుని కూర్చునేది. సార్ సున్నా వేసేవారు.

“సార్, ఆవిడ చెప్పలేక కాదు, చెప్పకూడదని ఊరుకుంది” అన్నాను ఒకసారి.

“చెప్పలేకనో, చెప్పకూడదనో పరీక్షకేం తెలుస్తుందమ్మా? అందరికీ ఒకటే ప్రశ్న ఉండాలి” అన్నారు.

ఒక ప్రాంతం ఆడవాళ్ళందరూ ఒకే ప్రశ్న దగ్గర ఫెయిలవుతుంటే ప్రశ్నలోనే ఏదో తేడా ఉందని అంత చదువుకున్నాయనకి తట్టలేదు. పిల్లలూ, మీకు తట్టాలి. మీ చేతికిచ్చిన కాగితాన్ని నమ్మే ముందు ఎదురుగా ఉన్న మనిషి ఏ ఇంట్లోంచి వచ్చిందో చూడండి.

ఏమండీ

పేరు పెట్టి పిలవకూడదు సరే, మరి ఎలాగో ఒకలా పిలవాలి కదా. దానికోసం ‘ఏమండీ’ ఉంది. ఇప్పటి పిల్లలకి ఇది పాతకాలపు మాట, సీరియళ్ళలో వినడమే. బస్సులో కండక్టర్నీ, బజార్లో కొట్టువాణ్ణీ కూడా ఏమండీ అంటాం. ఇంట్లో పెళ్ళాం మొగుణ్ణి పిలిచే ఏమండీ వేరు. పెరట్లోంచి సాగదీసి అంటే నీళ్ళు కాగాయి, స్నానానికి రమ్మని. వంటింటి గుమ్మం దగ్గర మెల్లగా అంటే, వచ్చినవాళ్ళకి వినపడకుండా ఒకసారి లోపలికి రమ్మని. నలుగురిలో నొక్కి అంటే, ఇక ఆ సంగతి ఆపి వేరేది మాట్లాడమని. ఏ పనీ లేకుండా అంటే, ఊరికే, ఉన్నారా అని. మా అమ్మకి నాన్నగారి మీద కోపం వస్తే ఆ మాట మానేసి, “అన్నం వడ్డించామని చెప్పండి” అని గోడకి చెప్పేది. ఆ రోజుల్లో మా ఇంట్లో అంతకన్నా పెద్ద శిక్ష లేదు. గోడ చెప్పినట్టే నాన్నగారు వచ్చి కూర్చుని తినేవారు.

నేనూ మా ఆయన్ని అలాగే పిలుస్తాను. మా అమ్మాయి వాళ్ళాయన్ని పేరు పెట్టి పిలుస్తుంది, కోపమొస్తే ‘రేయ్’ అంటుంది. నాకది తప్పనిపించదు. కానీ ఒకటి గమనించాను. పేరు పెట్టి పిలిస్తే ఆ పేరున్నవాడు పలికినా పలక్కపోయినా పేరు పేరుగానే ఉంటుంది. ఏమండీకి అవతల్నుంచి ‘ఆఁ’ అని వినపడాలి. వినపడకపోతే ఆ మాట అన్న మనిషి మళ్ళీ అంటుంది, ఇంకోసారి అంటుంది, తర్వాత లేచి వెతుక్కుంటూ వెళుతుంది.

రాజ్యలక్ష్మి గారు

రాజ్యలక్ష్మి గారు కూచిపూడి దగ్గర పల్లెలో వ్యవసాయం ఇంట్లో పుట్టి, పెళ్ళయ్యాక విజయవాడ వన్ టౌన్ చేరారు. భర్త రత్తయ్య గారిది చింతపండు హోల్‌సేలు. కింద కొట్టూ గోడౌనూ, పైన ఇల్లు. అరవై దాటాక ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. మిగిలిన మాట ‘ఏమండీ’.

సార్ పరీక్ష పెట్టారు. మీ భర్త పేరేంటమ్మా అని అడిగారు. ఆవిడ రత్తయ్య గారి వైపు చూసి, “ఏమండీ” అంది. సార్ సున్నా వేయబోతుంటే రత్తయ్య గారు పెన్ను వైపు చెయ్యి చాపి, “ఫుల్ మార్కులెయ్యాలి సార్. మా ఇంట్లో నా పేరు అదేనండీ” అన్నారు. సార్ నవ్వారు గానీ సున్నానే వేశారు.

ఆవిణ్ణి ఆ ఇరుకు మెట్లు దింపి, తోపుడు బళ్ళ మధ్యలోంచి ఆటోలో తీసుకురావడం కష్టమైంది. డ్యూటీ అయ్యాక నేనే వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. అక్కడ నేను నేర్పించింది తక్కువ. వాళ్ళిద్దరి మధ్య నడుస్తున్నది ఆగకుండా చూడటమే నా పని అయింది. ఆవిడ ‘ఏమండీ’ అనేది. ఆయన కింద బేరంలో ఉన్నా సరే “ఆఁ, వస్తున్నా” అని పైకి వచ్చేవారు. మంచినీళ్ళిచ్చేవారు. అవి కావని ఆవిడ మళ్ళీ ఏమండీ అనేది. దుప్పటి కప్పేవారు. అదీ కాదు. కిటికీ వేసేవారు. ఆవిడ ఎడం చేత్తో నుదురు కొట్టుకునేది. ఆయనకి సగం సార్లు అర్థమయ్యేది కాదు.

“ఇన్నేళ్ళు ఈ మాటకే పలికానండీ మేడంగారూ. అప్పుడు మాత్రం నాకు అర్థమై చచ్చిందా ఏంటి? పైకి రావడం వరకే నా పని” అనేవారు.

మాకు చదువులో చెప్పేదేమిటంటే, మిగిలిన మాట దగ్గరే మనిషి ఆగిపోకూడదు, దాన్ని పట్టుకుని ఇంకో మాటకి వెళ్ళాలి. అది ఎలా జరుగుతుందో నేను ఆ ఇంట్లో చూశాను. పిలిచినప్పుడల్లా పలికే మనిషి ఎదురుగా ఉంటే, అతనికి అర్థం కానప్పుడు చిరాకొచ్చి ఇంకో మాట కోసం వెతుక్కుంటారు. ఒకరోజు ఆయన వరసగా మూడోసారి మజ్జిగ తెచ్చారు. ఆవిడ గ్లాసు నెట్టేసి, “కాదు!” అంది.

రత్తయ్య గారు గ్లాసు కింద పెట్టి నా వైపు తిరిగారు. “విన్నారా మేడంగారూ? నన్ను కాదంది! ఇంక ఫర్వాలేదండీ, మనిషి దారిలో పడింది” అన్నారు. ఆయన కళ్ళు నిండిపోయాయి. నా కళ్ళూ నిండాయి. ఆ నెలలోనే ‘నీళ్ళు’ వచ్చింది, ‘చాలు’ వచ్చింది, కొడుకుని చూసి ‘అబ్బాయి’ అంది. ఇక ఈవిడ మాటల్లో పడుతుందని నేను గట్టిగా నమ్మాను. నా ఉద్యోగంలో అలా నమ్మింది చాలా కొద్దిమంది విషయంలోనే.

ఒక మధ్యాహ్నం కొట్టులో బస్తాలు దింపిస్తూ రత్తయ్య గారు గుండె ఆగి పడిపోయారు. ఆసుపత్రికి తీసుకెళ్ళే లోపే అయిపోయింది.

పలకడం

పెద్దకర్మ అయ్యాక వెళ్ళాను. ఇంటినిండా చుట్టాలు. రాజ్యలక్ష్మి గారికి జరిగింది తెలుసు. భర్తని ఆవిడకి చూపించే తీసుకెళ్ళారు. అర్థం కాలేదని ఎవరూ అనుకోవద్దు. కానీ పెద్ద దెబ్బ తగిలినప్పుడు కొత్తగా వచ్చిన మాటలే ముందు పోతాయి. ‘కాదు’ పోయింది, ‘నీళ్ళు’ పోయింది, ‘అబ్బాయి’ పోయింది. మళ్ళీ ఆ ఒక్క మాటే మిగిలింది.

నేను పక్కన కూర్చుని ఉండగానే ఆవిడకి దాహం వేసింది. చెంబు వైపు చూసి, “ఏమండీ” అంది. ఇల్లంతా ఒక్కసారి గొల్లుమంది. రత్తయ్య గారి అక్క అన్నపూర్ణమ్మ గారు వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. “పోయినోణ్ణి అట్టా పిలవమాకే లక్ష్మీ. వాడు గుమ్మం దాటి పోలేడే” అని ఏడ్చింది. రాజ్యలక్ష్మి గారు అందరి మొహాలూ చూసింది. తను నీళ్ళు అడిగిందని ఎవరికీ తెలియలేదు. చెంబు అందించింది నేను.

కొడుకు శ్రీనివాస్ నన్ను పక్కకి పిలిచాడు. “మేడం, అమ్మకి ఇంక వేరే మాటలు రాకపోయినా ఫర్వాలేదండీ. ఆ ఒక్కటీ మాన్పించండి. వినలేకపోతున్నాం.”

“అమ్మ నాన్నని పిలవడం లేదు బాబూ. ఆకలేసినా అదే మాట, నడుం నొప్పెట్టినా అదే మాట. ఆవిడ దగ్గరున్నది అదొక్కటే. అది తీసేస్తే ఇంకేం మిగలదు” అన్నాను.

“తెలుసండీ. నాన్న చెప్పేవాడు. కానీ తెలిసినా చెవికి అట్టా వినపడట్లేదు కదండీ” అన్నాడు.

అతను అబద్ధమాడలేదు. ఇంటి పెద్ద పోయిన ఇంట్లో, బొట్టు తీసేసిన మనిషి, పొద్దున్నుంచి రాత్రి దాకా ‘ఏమండీ’ అంటుంటే విని తట్టుకోవడం తేలిక కాదు. నేను బతిమాలాను. ఎవరో ఒకరు ‘ఆఁ’ అనండి, చాలు, మనిషి బతుకుతుంది అన్నాను. శ్రీనివాస్ నేల చూపులు చూశాడు. “నాన్న పలకాల్సిన చోట నేను పలకనా అండీ?” అన్నాడు. కోడలు మాధవి ఏడుస్తూనే నవ్వింది. “అత్తయ్యగారు ఏమండీ అంటే నేను ఆఁ అనాలా? ఎవరన్నా వింటే ఏమనుకుంటారండీ!”

అలా అన్నా, ప్రయత్నించింది మాధవి ఒక్కతే. ‘ఆఁ’ అనలేక, “ఏంటత్తయ్యా, ఏం కావాలి?” అనేది. నీళ్ళా, పడుకుంటారా అని అడిగేది. కొద్దిరోజులకే రాజ్యలక్ష్మి గారి మొహంలో కళ వచ్చింది. ఒకసారి ‘క... క...’ అని ఆగింది. అది ‘కాదు’. నాకు తెలుసు. ఇంకో నెల అలా సాగితే చాలని లెక్కలు వేసుకున్నాను.

అన్నపూర్ణమ్మ గారు ఒప్పుకోలేదు. “నువ్వు పలుకుతున్నావు గనకే అది పిలుస్తోంది. ఎవరూ పలక్కపోతే అదే మానుద్ది” అని కోడల్ని కేకలేసింది. పిలిచినా పలక్కపోతే మనిషి పిలవడం మానేస్తుందన్న సంగతి మా పుస్తకాల్లోనూ ఉంది. ఆవిడా మా పుస్తకాలూ ఒకటే చెప్పారు. మాధవి పలకడం మానేసింది. తన మొగుణ్ణి తను పిలుచుకోవడం కూడా మార్చుకుంది. “నేను ఆయన్ని ఏమండీ అంటే అత్తయ్య ఉలిక్కిపడి చూస్తారండీ. చూడలేను” అంది. ‘ఇదిగో’ అని పిలవడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో ఆ మాట అనే మనిషి రాజ్యలక్ష్మి గారు ఒక్కరే అయ్యారు.

తర్వాత శ్రీనివాస్ బజారుకెళ్ళి కాలింగ్ బెల్ తెచ్చాడు. ఆవిడ ఎడం చేతికి అందేట్టు బటన్ పెట్టాడు. నొక్కితే కోయిల కూస్తుంది. కోయిల కూస్తే అందరూ పరిగెత్తుకొచ్చేవాళ్ళు. ‘ఏమండీ’ అంటే ఎవరూ కదిలేవాళ్ళు కాదు. వాళ్ళు ఆవిణ్ణి ఎంత బాగా చూసుకున్నారో నేను కళ్ళారా చూశాను. వేళకి అన్నం, వేళకి మందు, ఒంటి మీద పుండు పడనివ్వలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళయితే నాకింత బాధ ఉండేది కాదు. కొండపల్లి ఇల్లాలు పచ్చి బూతుని భరించింది. ఇక్కడ ఇంత మంచివాళ్ళు ఒక మర్యాద మాటని భరించలేకపోయారు.

వెళ్ళినప్పుడల్లా నేను పలికేదాన్ని. తలుపు దగ్గరికి వేసి కూర్చుంటే, ఆవిడ గొంతు తగ్గించి “ఏమండీ” అనేది. “ఆఁ, చెప్పండి” అనేదాన్ని. అప్పటికీ ఆవిడ కళ్ళు తలుపు మీదే ఉండేవి. ఎప్పుడో వచ్చే బయటిమనిషి గంటసేపు పలికితే ఎవరికీ మాట నిలవదు. మాట నిలిచేది ఇంట్లోనే.

ఇలాంటిచోట ఏం చేయాలో చెబుతానని మీరు ఇక్కడిదాకా చదివి ఉంటే, నా దగ్గర జవాబు లేదు. చనిపోయిన తండ్రి స్థానంలో పలకమని ఒక కొడుక్కి నేర్పే పద్ధతి నాకు ఎవరూ నేర్పలేదు. మీకూ నేర్పరు. ‘నోరు మంచిదైతే ఊరు మంచిది’ అని మనవాళ్ళు ఎందుకంటారో గానీ, ఆవిడ నోరంత మంచి నోరు నేను చూడలేదు. ఆ నోటికి ఊరు కాదు గదా, ఇల్లు కూడా దక్కలేదు.

ఆఖరిసారి

రిటైరైన తర్వాత ఒకసారి చూసి వద్దామని వెళ్ళాను. రాజ్యలక్ష్మి గారు శుభ్రమైన చీర కట్టుకుని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. కింద హమాలీలు బస్తాలు దింపుతున్న కేకలు వినపడుతున్నాయి. నన్ను గుర్తుపట్టింది. మొహం విప్పారింది. పెదవులు కదిలాయి. అంతలో నా వెనక నిలబడ్డ కొడుకుని చూసింది. ఎడం చేత్తో గబుక్కున చెంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆఁ, చెప్పండి” అన్నాను నేనే ముందుగా. కుర్చీ దగ్గరికి జరిగి మళ్ళీ అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. చెంగు తీయలేదు. చాలాసేపు కూర్చున్నాను. చేయి పట్టుకున్నాను. శ్రీనివాస్‌ని బయటికి పంపి తలుపు వేసి మళ్ళీ అడిగాను. గొంతులోంచి చిన్న చప్పుడు కూడా రాలేదు. కళ్ళలోంచి మాత్రం నీళ్ళు కారాయి.

శ్రీనివాస్ నన్ను సాగనంపడానికి కిందిదాకా వచ్చాడు. కొట్టులోంచి కొత్త చింతపండు పొట్లం కట్టించి నా సంచిలో పెట్టాడు. వద్దన్నా వినలేదు. నా చేతులు రెండూ పట్టుకుని, “అమ్మ ఇప్పుడు ఆ మాట అసలు అనట్లేదు మేడం. మీ హస్తవాసి మంచిదండీ” అన్నాడు.

ఇన్నేళ్ళ నా పనిలో హస్తవాసి మంచిదని నాతో అన్నది అతనొక్కడే.